కొండ మీద తొట్టి - ఊళ్లో కుళాయి

పిల్లలూ! విశాఖపట్నంలో ఎవరి ఇంట్లోనైనా కుళాయి తిప్పితే నీళ్లు వస్తాయి. ఆ నీళ్లు ఎక్కణ్ణించి వస్తున్నాయో మీరెప్పుడైనా ఆలోచించారా? అంత పెద్ద పట్నానికి ఒక్క చెరువు చాలదు. చుట్టుపక్కల ఉన్న జలాశయాలు కొన్ని కలిసి దానికి నీళ్లిస్తున్నాయి. వాటిలో తాటిపూడి ఒకటి. విజయనగరం జిల్లాలో గోస్తని నదికి అడ్డంగా 1960ల్లో ఆనకట్ట కట్టి దాన్ని తయారుచేశారు. ఆ గోస్తని అనంతగిరి కొండల్లో పుట్టి, తాటిపూడి మీదుగా వచ్చి, భీమునిపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది.

నీళ్లు కొండ మీది నుంచి కిందికి వస్తాయి. మనం ఈ నెల వాటికి ఎదురు వెళదాం. కొండ మీద రెండు రోజులు డేరా వేసుకుని ఉందాం. అక్కడే వండుకుని తిందాం. తిన్న తరవాత అంట్లు తోమాలి గదా! అక్కడ కుళాయి ఉండదు, కరెంటు ఉండదు, మురుగుకాలవ ఉండదు. అటువంటి చోట అంట్లు తోముకోవటానికి ఒక సింకు తయారుచేసుకోవటం ఎలాగో చూద్దాం. సింకు చిన్నదే కాని, అది చేసే పని చిన్నది కాదు.

పొద్దున్నే విశాఖపట్నంలో కిరండూలు పోయే రైలు ఎక్కండి. శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరేదాకా నేల చదునుగానే ఉంటుంది. అక్కణ్ణించి రైలు కొండ ఎక్కటం మొదలుపెడుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి ఒకదాని తరవాత ఒకటి వస్తాయి. కొంతసేపు వెలుగు, కొంతసేపు సొరంగంలో చీకటి! సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలో పిల్లలంతా ఒక్కసారి కేకలు పెడతారు. మీరూ పెట్టవచ్చు, ఎవరూ ఏమీ అనరు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా కొండల నుంచి ఇనుప ఖనిజాన్ని విశాఖపట్నం రేవుకు చేర్చటం కోసం 1960ల్లో ఈ దారి వేశారు. 2017 నుంచి ఈ దారిలో అద్దాల కప్పు గల పెట్టెలు కూడా నడుస్తున్నాయి.

మనం బొర్రా గుహలు స్టేషనులో దిగుదాం. దిగకుండా ముందుకు పోతే కరకవలస, ఆ తరవాత శిమిలిగుడ వస్తాయి. శిమిలిగుడ స్టేషను సముద్రమట్టానికి 996 మీటర్ల ఎత్తున ఉన్నది. మన దేశంలో బ్రాడ్‌గేజి స్టేషన్లన్నిటిలోకీ ఎత్తయినది అన్న పేరు ఒకప్పుడు దానికే ఉండేది. తరవాత కాశ్మీరులో రైలు మార్గం వేశాక ఆ పేరు అక్కడికి పోయింది. శిమిలిగుడ దాటితే అరకు.

బొర్రా గుహలు చూసినవాళ్లు వాటిని మరిచిపోలేరు. గోస్తని నది ఈ గుహల దగ్గరనే సాగుతుంది. ఆ పేరు ఎలా వచ్చిందో చెప్పటానికి ఇక్కడ ఒక కథ ఉన్నది. పూర్వం ఒక ఆవు మేస్తూ మేస్తూ పైనున్న కంత లోంచి గుహలో పడిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ దిగిన పశులకాపరికి లోపల శివలింగం లాటి రాయి కనిపించిందట. అక్కడ ఆవు పొదుగు లాటి రాతి నుంచి నీరు కారుతూ ఉండటంచేత ఏటికి గోస్తని అని పేరు వచ్చిందంటారు. కథ సంగతి ఎలా ఉన్నా, రాతి పొదుగులు మాత్రం నిజంగా ఉన్నాయి. పైకప్పు నుంచి వేలాడేవి కొన్ని, నేల నుంచి పైకి లేచినవి కొన్ని.

అవి ఎలా తయారైనాయి? ఇది మన సింకుకు చాలా ముఖ్యమైన సంగతి గనక కాస్త జాగ్రత్తగా వినండి. ఇక్కడి రాయి సున్నపురాయి. వాన నీరు గాలిలోనూ, మట్టిలోనూ ఉన్న బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని కొంచెం పుల్లనవుతుంది. నిమ్మకాయంత పులుపు కాదు, మన నాలుకకు తెలియనే తెలియదు. కాని సున్నపురాయిని కరిగించటానికి ఆ కాస్త పులుపు చాలు. వేలకు వేల ఏళ్లుగా నీరు పగుళ్లలోంచి దిగుతూ, రాతిని కరిగిస్తూ గుహలు తొలిచింది. అలా కరిగిన సున్నం ఒక్కొక్క బొట్టు నుంచి మళ్లీ గట్టిపడి పొదుగుల్లాగా, స్తంభాల్లాగా పేరుకున్నది.

అంటే ఏమన్నమాట? ఈ కొండల్లో కొన్నిచోట్ల నేల కింద పగుళ్లున్నాయి. మామూలు మట్టిలో నీళ్లు పోస్తే అవి నెమ్మదిగా ఇంకుతాయి. ఆ మట్టే వాటిని వడగడుతుంది. మట్టిలో ఉండే కంటికి కనిపించని జీవులు అందులోని మెతుకులనూ, జిడ్డునూ తినేస్తాయి. కాని రాతి పగులులో పోసిన నీళ్లకు వడపోత లేదు. గొట్టంలో పోసినట్టే తిన్నగా కిందికి జారి, ఏదో ఊటలో తేలుతాయి. ఇక్కడ పోసిన కుళ్లు అక్కడ తాగే నీటిలో కలుస్తుంది.

సరే, డేరా వేద్దాం. కార్తీకం నుంచి పుష్యం దాకా ఇక్కడ ఉండటానికి మంచి కాలం. తెల్లవారేసరికి మంచు కొండల మధ్య పాలు పోసినట్టు నిండి ఉంటుంది. వలిసె చేలు పూసినచోట కొండవాలు పసుపు ఆరబోసినట్టుంటుంది. కాఫీ తోటల్లో పళ్లు ఎర్రగా పండి ఉంటాయి. పెద్దవాళ్లు లేకుండా మీరు వెళ్లకూడదు. అడవి భూమిలో ఎక్కడ పడితే అక్కడ డేరా వెయ్యకూడదు. అనుమతి ఉన్న చోటే వేసుకోవాలి. దగ్గరలో ఊరుంటే అక్కడి పెద్దలతో ఒక మాట చెప్పి, నీళ్లు ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ పట్టుకోకూడదో అడిగి తెలుసుకోవాలి. వాళ్ల ఊట మీద మన డేరా పెట్టుకుంటే అది వాళ్ల వంటింట్లో కాళ్లు కడుక్కున్నట్టే.

మొదటి పూట అన్నం, పప్పు, వంకాయ కూర అయినాయనుకోండి. పదిమంది తిన్నారు. పది కంచాలు, పది గ్లాసులు, అడుగంటిన గిన్నె, మూకుడు, గరిటెలు. ఇప్పుడేం చెయ్యాలి? దిగువన చిన్న గెడ్డ గలగలా పారుతున్నది. ఈ ప్రాంతంలో చిన్న ఏటిని గెడ్డ అంటారు. 'అంట్లన్నీ గెడ్డలో వేసి తోమేస్తే సరి!' అని అందరికీ తోస్తుంది. నీళ్లు మొయ్యనక్కరలేదు, మురికి దానంతటదే కొట్టుకుపోతుంది.

కొట్టుకుపోయేది ఎక్కడికి? గెడ్డలోకి దిగిన మెతుకులు కుళ్లుతాయి. కుళ్లేటప్పుడు నీటిలో కలిసి ఉన్న ప్రాణవాయువును వాడేసుకుంటాయి. చేపపిల్లలు పీల్చుకునేది ఆ ప్రాణవాయువునే. సబ్బు నురగ చిన్న పురుగులకూ, చేపల మొప్పలకూ హాని చేస్తుంది. చేతులకు అంటిన మలినం నీటిలో కలిస్తే విరేచనాలు, టైఫాయిడు, కామెర్లు వంటి జబ్బుల క్రిములు దానితోబాటే ప్రయాణం చేస్తాయి.

మీలో ఒకరు ఇలా అడగవచ్చు: 'పది కంచాలు కడిగిన నీళ్లు తాటిపూడి దాకా పోయి పట్నాన్ని పాడుచేస్తాయా?' మంచి ప్రశ్న. జవాబు కూడా దాచకుండా చెప్పాలి. పట్నంలో నీటిని వడగట్టి, క్లోరిన్ కలిపి, ఆ తరవాతనే కుళాయిలకు వదులుతారు. అంచేత మీ పది కంచాల వల్ల పట్నం పిల్లలకు జబ్బు చెయ్యదు. కాని గెడ్డ పట్నం చేరేముందు కొండ దిగువనున్న చిన్న చిన్న ఊళ్ల పక్కనుంచి పోతుంది. అక్కడ వడపోత లేదు, క్లోరిన్ లేదు. గెడ్డలోనో, ఊటలోనో బిందె ముంచుకుని ఇంటికి తీసుకుపోయేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారు. మీ ఈడు పిల్ల ఒకతె ఆ బిందె ఎత్తుకుని కొండ ఎక్కుతుంది. మనం తోమిన అంట్ల నీళ్లు ముందుగా చేరేది ఆ పిల్ల ఇంటికి. పైగా అక్కణ్ణించి ఆసుపత్రి చాలా దూరం.

అంతేకాదు. డేరా వేసేది మనం ఒక్కళ్లమే కాదు. సెలవుల్లో ఎందరో వస్తారు. ఒక్కళ్లు చేస్తే పది కంచాలు. అందరూ చేస్తే గెడ్డే అంట్ల తొట్టి.

అయితే దీనికి ఉపాయం మనకు కొత్తది కాదు. మీ అమ్మమ్మనో, నాయనమ్మనో అడగండి. పల్లెటూళ్లలో కుళాయిలు లేని రోజుల్లో పెరట్లో ఒక మూల అంట్లు తోమేవాళ్లు. ముందుగా మెతుకులూ, కూరగాయల తొక్కలూ, బియ్యం కడిగిన నీళ్లూ కుడితి తొట్టిలో పడేవి. అది గేదెకు. గిన్నెలకు బూడిద, చింతపండు, కొబ్బరిపీచు. కడిగిన నీళ్లు చిన్న కాలవలో పడి అరటిచెట్ల మొదటికీ, చేమ పాదుకూ పోయేవి. నూతికి దూరంగా ఉండేట్టు చూసుకునేవాళ్లు. ఒక్క చుక్క కూడా ఊరికే పోయేది కాదు. మన సింకు కూడా ఆ పెరటి పద్ధతినే కొండ మీదికి తీసుకుపోతుంది.

దీనికి కావలసినవి ఇవి. అడుగున కుళాయి ఉన్న 20 లీటర్ల ప్లాస్టిక్కు క్యాను ఒకటి. లోతైన స్టీలు బేసినో, గట్టి ప్లాస్టిక్కు టబ్బో ఒకటి. మామూలు టబ్బు ఇంకొకటి. సింకులకు అడుగున బిగించే వేస్టు కప్లింగు, దాని మీద వేసే జాలీ, వంగే వేస్టు పైపు. ఈ మూడూ శానిటరీ సామాను అమ్మే కొట్టులో దొరుకుతాయి. ఆరు వెదురుబొంగులు లేదా గట్టి కర్రలు, తాడు. ఒక పార.

బేసినుకు అడుగున రంధ్రం ఇంటి దగ్గరనే చేయించుకోండి. రంధ్రం చేసే పని పెద్దవాళ్లది. కప్లింగు అందులో బిగువుగా పట్టాలి. పైన ఒక రబ్బరు వాషరు, కింద ఒకటి వేసి మర బిగిస్తే నీరు కారదు. కొండకు బయలుదేరేముందు పెరట్లో ఒకసారి నీళ్లు పోసి చూడండి. కారితే ఇంటి దగ్గర బాగుచేసుకోవటం తేలిక.

కొండ మీద ముందుగా చోటు చూడాలి. గెడ్డకూ, ఊటకూ కనీసం 60 మీటర్ల దూరం ఉండాలి. పెద్దవాళ్లు మామూలుగా నడిస్తే అది సుమారు 80 అడుగులు. ఒకరు లెక్కపెడుతూ నడవండి. వంటచోటుకు కాస్త దిగువన, మట్టి మెత్తగా, లోతుగా ఉన్నచోటు కావాలి. రాయి పైకి తేలినచోటు పనికిరాదు.

నాలుగు బొంగులు నేలలో పాతి, నడుమెత్తున రెండు బొంగులు అడ్డంగా కట్టి, వాటి మధ్య బేసిను అంచు ఆనేట్టు కూచోబెట్టండి. నడుమెత్తు అంటే మీలో అందరికన్నా పొట్టివాడి నడుము. పొడుగువాళ్లు వంగగలరు, పొట్టివాళ్లు సాగలేరు గదా! క్యానును బేసినుకు పక్కన, కుళాయి బేసిను మీదికి వచ్చేట్టు, ఒక బండ మీదనో దుంగ మీదనో కదలకుండా పెట్టండి. ఒక లీటరు నీరు ఒక కిలో బరువు. నిండు క్యాను 20 కిలోలు. ఆ బరువు వెదురు మీద పెట్టకండి. క్యానును ఖాళీగానే పైన పెట్టి, తరవాత చెంబుతో నింపుకోవటం మేలు.

ఇప్పుడు కుళాయి తిప్పండి. నీరు కాస్త వచ్చి, బుడబుడమని ఆగి, మళ్లీ కాస్త వచ్చి ఆగుతున్నదా? అయితే క్యాను మూత బిగువుగా ఉన్నదన్నమాట. నీరు బయటికి పోవాలంటే ఆ ఖాళీలోకి గాలి రావాలి. మూత కొద్దిగా వదులు చేస్తే ధార సాఫీగా వస్తుంది. దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఒక ప్లాస్టిక్కు సీసాకు అడుగున పక్కగా మేకుతో సన్నని కన్నం చేసి, నీళ్లు నింపి, మూత గట్టిగా బిగించండి. నీరు రాదు. బయటి గాలి కన్నం దగ్గర నీటిని లోపలికి నొక్కి ఉంచుతుంది. మూత వదులు చెయ్యండి, ధార మొదలు! మూత బిగించండి, ధార ఆగుతుంది. కుళాయి కొనకుండానే కుళాయి వచ్చింది.

ఇంకొక తమాషా. క్యాను నిండుగా ఉన్నప్పుడు ఒక గ్లాసు నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో లెక్కపెట్టండి. పావు వంతు మిగిలినప్పుడు మళ్లీ లెక్కపెట్టండి. రెండోసారి ఎక్కువసేపు పడుతుంది. కుళాయికి పైనున్న నీటి మట్టం తగ్గినకొద్దీ నీరు తోసే బలం తగ్గుతుంది. అందుకనే పట్నాల్లో నీళ్ల ట్యాంకులను ఎత్తయిన స్తంభాల మీద కడతారు.

బేసిను కింద కప్లింగుకు వేస్టు పైపు తొడిగి, పైపును ఒకచోట కిందికి వంచి మళ్లీ పైకి లేపి కట్టండి. ఆ వంపులో ఎప్పుడూ కాస్త నీరు నిలిచి ఉంటుంది. ఆ నీరే ఒక తలుపు. గుంటలోని వాసనా, పురుగులూ దాన్ని దాటి పైకి రాలేవు. మీ ఇంటి సింకు కింద కూడా ఇటువంటి వంపే ఉన్నది, వంగి చూడండి. 1775లో అలెగ్జాండర్ కమింగ్ అనే గడియారాల పనివాడు బ్రిటనులో మరుగుదొడ్డి గొట్టానికి ఇటువంటి వంపు పెట్టి పేటెంటు తీసుకున్నాడు. గడియారాలు చేసే చేతులు గొట్టానికి చేసిన ఉపకారం అది!

ఇక ఇంకుడు గుంట. నిజానికి మన సింకులో అన్నిటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. బేసిను లేకపోయినా అంట్లు తోమవచ్చు, గుంట లేకపోతే మాత్రం మన శ్రమంతా వృథా. రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు గుంట తవ్వండి. పైనున్న గడ్డి పెళ్లలను విరగకుండా తీసి నీడలో పెట్టండి. నల్లని పైమట్టిని ఒక కుప్పగా, కిందిమట్టిని ఇంకొక కుప్పగా వెయ్యండి.

గుంట తవ్వగానే పైపు పెట్టెయ్యకండి. ముందు ఒక బకెట్టు మంచినీళ్లు పోసి కూచుని చూడండి. నీరు మెల్లమెల్లగా దిగి, అరగంటలో ఇంకిపోతే గుంట మంచిది. గంటలకొద్దీ అలాగే నిలిచి ఉంటే అది బంకమట్టి, దోమలకు ఇల్లవుతుంది. పోసీ పొయ్యకముందే నీరు మాయమైతే అది ఇంకా ప్రమాదం. కింద పగులు ఉన్నదన్నమాట! బొర్రా గుహల సంగతి జ్ఞాపకం ఉన్నదా? ఆ గుంటను మళ్లీ మట్టితో పూడ్చేసి వేరేచోట తవ్వండి. తొందరగా ఇంకటం మంచిది కాదు, నిదానంగా ఇంకటమే మంచిది. మట్టికి పని చెయ్యటానికి కొంత వ్యవధి కావాలి.

మంచి గుంట దొరికాక అడుగున పిడికిలంత రాళ్లు, వాటి మీద చిన్న గులకరాళ్లు పరవండి. మీద పుల్లలు అడ్డదిడ్డంగా పేర్చి, వాటి మీద ఎండుగడ్డి మందంగా వెయ్యండి. పైపు కొస గడ్డి మీద ఉండాలి. జిడ్డు, సన్నని మెతుకులు గడ్డికి పట్టుకుంటాయి. నీరు మాత్రం కిందికి దిగుతుంది. స్కౌట్ల శిబిరాల్లో ఇటువంటి గడ్డి వడపోత చాలాకాలంగా వాడుకలో ఉన్నది. రోజూ సాయంత్రం ఆ గడ్డి తీసి, ఆరబెట్టి, పొయ్యిలో కాల్చి, కొత్త గడ్డి వెయ్యాలి. వెయ్యకపోతే ఈగలు, ఎలుకలు, కోతులు విందుకు వస్తాయి. ఈ కొండల్లో ఎలుగుబంట్లు కూడా ఉన్నాయి, వాటికి వాసన చాలా దూరం తెలుస్తుంది.

తోమే పద్ధతి కూడా నేర్చుకోవాలి. మొదట ప్రతివాళ్లూ తమ కంచంలో మెతుకు మిగలకుండా తినాలి. మిగిలితే ఆకుతో తుడిచి మూతగల డబ్బాలో వెయ్యాలి. ఆ డబ్బా మనతో కిందికి వస్తుంది. ఊళ్లో ఎవరైనా పశువులకు అడిగితే ఇవ్వవచ్చు. రెండోది, టబ్బులో కొంచెం సబ్బు నీళ్లు కలిపి పీచుతో తోమాలి. ముందు గ్లాసులు, తరవాత కంచాలు, చివరికి జిడ్డు గిన్నెలు. ఈ వరస తప్పితే గ్లాసుకు కూర వాసన పడుతుంది. మూడోది, సింకు మీద క్యాను కుళాయి కింద సన్నని ధారతో జాడించాలి. నాలుగోది, కాగిన నీళ్లు పెద్దవాళ్లు పైనుంచి పోస్తారు. ఆఖరికి గిన్నెలను బుట్టలో బోర్లించి ఎండలో పెట్టాలి. గుడ్డతో తుడవద్దు. గుడ్డ మురికి అయితే అంతా మొదటికి వస్తుంది.

నీళ్లు కాగటం గురించి ఒక మాట. సముద్రం ఒడ్డున నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతుంది. ఎత్తుకు పోయినకొద్దీ, ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. మన డేరా 900 మీటర్ల ఎత్తున ఉంటే అక్కడ 97 డిగ్రీలకే నీరు తెర్లుతుంది. అందుకే పప్పు ఉడకటానికి కాస్త ఆలస్యమవుతుంది. అయినా క్రిములను చంపటానికి ఆ వేడి చాలు. గెడ్డ నీరు ఎంత తేటగా ఉన్నా, తాగేముందు బాగా తెర్లేదాకా కాచి, ఒక నిమిషం అలాగే మరగనిచ్చి, చల్లార్చి తాగండి.

పది మందికి పొద్దున ఒక క్యాను, సాయంత్రం ఒక క్యాను సరిపోతాయి. మొదటి పూట కొందరు కుళాయి పూర్తిగా తిప్పి పెడతారు. పెట్టనివ్వండి. ఖాళీ అయిన క్యానును గెడ్డ నుంచి 80 అడుగులు మోసుకువచ్చే వంతు వాళ్లకే ఇవ్వండి. రెండో పూట ధార దానంతటదే సన్నబడుతుంది! ఆ దిగువ ఊరి పిల్ల రోజూ చేసే పని ఎంత బరువో కూడా అప్పుడే తెలుస్తుంది.

చేతులు కడుక్కోవటానికి ఇంకొక చిన్న ఏర్పాటు ఉన్నది. అయిదు లీటర్ల డబ్బాకు మూతి దగ్గర మేకుతో ఒక కన్నం చేసి, దాన్ని అడ్డబొంగుకు ఊగేట్టు వేలాడదియ్యాలి. డబ్బా మూతికి తాడు కట్టి, ఆ తాడు కొస నేల మీదున్న ఒక కర్రకు కట్టాలి. కాలితో కర్రను తొక్కితే డబ్బా వంగి సన్నని ధార పోస్తుంది. కాలు తీస్తే మళ్లీ నిలబడుతుంది. మురికి చెయ్యి దేన్నీ తాకనక్కరలేదు. పక్కనే సబ్బు బిళ్లకు తాడు కట్టి వేలాడదియ్యండి. ఇంగ్లీషులో దీన్ని టిప్పీ ట్యాప్ అంటారు. 1980ల్లో ఆఫ్రికాలోని జింబాబ్వే దేశంలో మొదలై, కుళాయిలు లేని ఎన్నో దేశాల బడులకు పాకింది. దీని కింద కూడా నాలుగు రాళ్లు పరవటం మరవకండి, లేకపోతే బురద అవుతుంది.

రెండు రోజులు గడిచిపోయినాయి. డేరా ఎత్తే వేళ అయింది. గుంటలోని ఆఖరి గడ్డి తీసి కాల్చండి. పుల్లలు తీసెయ్యండి. ముందు కిందిమట్టి, దాని మీద పైమట్టి, అన్నిటికీ పైన గడ్డి పెళ్లలు. తీసిన వరసకు తలకిందుల వరస అన్నమాట. కాలితో అదిమి, ఒక చెంబెడు మంచినీళ్లు పొయ్యండి. బొంగులు పీకిన కన్నాలు పూడ్చండి. ఇప్పుడు ఒకసారి వెనక్కి నడిచి చూడండి. ఇక్కడ పదిమంది రెండు రోజులు వండుకు తిన్నారని ఎవరైనా కనిపెట్టగలరా? కనిపెట్టలేకపోతే మీరు నెగ్గినట్టే. నేల కింద మట్టి మాత్రం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. మీరు వదిలిన జిడ్డునూ, సబ్బునూ కొద్దికొద్దిగా గడ్డికి ఎరువు చేస్తుంది.

డేరాతో నిమిత్తం లేకుండా అందరూ చెయ్యగల పని ఒకటి చెప్పి ముగిస్తాను. రేపు ఆదివారం మీ ఇంట్లో సింకు కింద గొట్టం పట్టుకుని వెతుక్కుంటూ పోండి. ఆ నీళ్లు గోడ దాటి ఎక్కడికి పోతున్నాయి? కాలవలోకా? ఆ కాలవ ఏ చెరువులోకి, ఏ ఏట్లోకి పోతున్నది? ఆ చెరువు దిగువన ఎవరున్నారు? పెరట్లో అడుగు నేల ఉంటే, ఆ నీళ్లను అరటిమొక్కకు మళ్లించటానికి వీలున్నదేమో నాన్నగారితో కలిసి చూడండి. కొండ మీద ఉన్నా, కొండ కింద ఉన్నా ప్రతివాళ్లకూ ఎగువన ఒకరుంటారు, దిగువన ఒకరుంటారు. ఎగువవాళ్లు మన నీళ్లు శుభ్రంగా వదలాలని మనం కోరుకుంటాం. దిగువవాళ్లు కోరుకునేదీ అదే.